సైకిలు రాని డ్రైవరు

డిపోలో అందరూ అతన్ని నిదానం అనేవారు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క ప్రయాణికుడి తల కూడా ముందు సీటుకు తగిలేలా బ్రేకు వేయలేదని ఆ పేరు పెట్టారు. ఎక్కిన ముసలివాళ్లు సర్దుకుని కూర్చునేదాకా బండి కదిలించడు. అతను మలుపు తిప్పితే తల్లి ఒళ్లో పసిబిడ్డకు మెలకువ రాదు. అంత పెద్ద బండిని ఇరుకు సందుల్లోంచి గోడకు గీత పడకుండా బయటికి తెచ్చే ఆ మనిషికి సైకిలు తొక్కడం రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క సైకిలు, అది అన్నది. అన్న దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. తమ్ముడు వెనకాల క్యారియరు మీద కూర్చుని, చక్రంలో పడకుండా కాళ్లు ఎడం చేసుకుని, అన్న వీపు చూస్తూ వీధులన్నీ తిరిగాడు. ఉద్యోగం వచ్చి అన్న వేరే ఊరు వెళ్లిపోతే సైకిలు కూడా వెళ్లిపోయింది. ఆ తర్వాత తమ్ముడు లారీ క్లీనరుగా చేరాడు, సరాసరి పెద్ద స్టీరింగు పట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే, "మన ఒంటికి రెండు చక్రాలేం ఆనతాయి?" అని నవ్వేసేవాడు.

అతని భార్య రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఆ ఏడు డిపోలో డ్రైవర్లందరికీ పరీక్షలు చేయించారు. భర్త చేతికి సూది గుచ్చింది ఆమే, ఫలితం చూసిందీ ఆమే. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అతని ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, ఎవరిదో కలిసిపోయిందేమో అనుకుని రెండోసారి చేశాను. మీదే. షుగరు వచ్చేసింది."

"నేను తీపి మనిషినని నీకు ఇప్పుడు తెలిసిందా?"

"జోకులొద్దు. రేపు డాక్టరు దగ్గరికి వస్తున్నారు, అంతే."

డాక్టరు మాత్రలు అప్పుడే వద్దన్నాడు. తిండి తగ్గించమన్నాడు, ఒళ్లు కదిలించమన్నాడు. "ఒక్కరే మొదలుపెడితే వారం తిరక్కుండా మానేస్తారు. ఇంటిల్లిపాదీ కలిసి ఏదైనా పట్టుకోండి" అన్నాడు. భర్తకు చెప్పిన ఆ మాట భార్య మనసులో నాటుకుపోయింది. ఆ ఆదివారమే తన తమ్ముణ్ణి పిలిచింది.

ఆ తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ఇంకా పెళ్లి కాలేదు, రెండు వీధుల అవతల అద్దె గదిలో ఉంటాడు. ఇనుముతో చేసింది ఏదైనా సరే, వాడి చేతిలో పడితే మళ్లీ తిరగాల్సిందే. ఎవరో పారేయబోతున్న పాత సైకిళ్లు తెచ్చి, తుప్పు గీకి, గొలుసులు మార్చి, అక్కకొకటి, మేనకోడలికొకటి, తనకొకటి, బావకొకటి తయారుచేశాడు. మేనకోడలు ఎనిమిదో తరగతి. కాలు ఒకచోట నిలవదని ఇంట్లో పిడుగు అంటారు.

సైకిళ్లు ఇంటికి చేరిన పూట భోజనాల దగ్గర పిడుగు అందరినీ కూర్చోబెట్టింది.

"ఎవరెవరు ఏం చేయాలనుకుంటున్నారో పైకి చెప్పాలి. లక్ష్యం అనొద్దు, పరీక్ష రాస్తున్నట్టుంటుంది. గురి అందాం. నా గురి, రోజూ బడికి సైకిల్ మీదే వెళ్లడం, కూల్‌డ్రింకులు ముట్టుకోకపోవడం."

"నేను ల్యాబుకి సైకిల్ మీద వెళ్తాను. ముందు మలుపు తిరగడం రావాలనుకో" అంది తల్లి.

బావమరిది చెవి గోక్కున్నాడు. "నేను సిగరెట్టు మానేస్తాను. అక్క ముందు ఒట్టు వేయను, వేస్తే చంపేస్తుంది. ప్రయత్నిస్తాను."

"బాగా తొక్కడం వచ్చాక ఒక ఆదివారం అందరం కలిసి నది పక్క రోడ్డు వెంట ఆనకట్ట దాకా వెళ్దాం. సరే, నాన్నా, నీ గురి?"

నిదానం కంచంలోకి చూశాడు. "నా గురి ఉద్యోగం చేసుకోవడం. నాకు షిఫ్టులు కుదరవు. మీరు తిరగండి, నేను నడుస్తాలే."

నడక అంటే వీధి చివరి దాకా వెళ్లడం, అక్కడ బల్ల మీద కూర్చుని పేపరు చదవడం, తిరిగి రావడం. అతని కోసం చేసిన సైకిలు మెట్ల కింద దుమ్ము పట్టింది. మిగతా మూడూ రోడ్డెక్కాయి.

మొదట్లో అతను పట్టించుకోలేదు. నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాడు. కానీ రోజులు గడిచేకొద్దీ ఇంట్లో మాటలు మారిపోయాయి. ఏ గేరులో ఎత్తు ఎక్కాలి, ఎక్కడ కుక్కలు వెంటపడతాయి, నిన్న మామయ్య గోతిలో ఎలా పడ్డాడు, అన్నీ ఇవే. ఒకరు సగం మాట అంటే మిగతా ఇద్దరూ పగలబడి నవ్వేవారు. జీవితమంతా గేర్లు మార్చిన మనిషి తన ఇంట్లోనే గేర్ల గురించి మాట్లాడలేక కూర మీద వంక పెట్టేవాడు. బావమరిది పొట్ట లోపలికి పోయింది. వాడు సిగరెట్టు ముట్టక నెల దాటిందని భార్య పొంగిపోయి చెబుతుంటే అతనికి ఒళ్లు మండింది. తను పుట్టి బుద్ధెరిగి సిగరెట్టు అన్నది ముట్టలేదు. దానికి ఇంతవరకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఒక సాయంత్రం నది పక్క రోడ్డు మీద సిగ్నలు దగ్గర బస్సు ఆగింది. ఎదురుగా ముగ్గురూ కాలు నేల మీద ఆనించి నిలబడ్డారు. భార్య తల మీద హెల్మెట్, చెంపల మీద చెమట. బావమరిది ఏదో అన్నాడు. ఆమె తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వింది. అలా నవ్వగా తను చివరిసారి ఎప్పుడు చూశాడో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. హారన్ కొట్టాడు. ఆమె ఇటు చూసి, దారినపోయే ఏ బస్సుకైనా ఊపినట్టు చెయ్యి ఊపి, పచ్చలైటు పడగానే ముందుకు సాగిపోయింది.

కండక్టరు కిటికీలోంచి తొంగిచూశాడు. "అన్నా, మన వదినే కదా? భలే తొక్కుతోందే! ఏంటి, నువ్వు వెళ్లవా?"

నిదానం గేరు వేశాడు. తర్వాతి స్టాపులో అతను వేసిన బ్రేకుకు నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. "ఏమైందయ్యా డ్రైవరూ, కళ్లు కనబడటం లేదా?" అని వెనకనుంచి ఒకావిడ అరిచింది. అతను ఆ మాట పడటం అదే మొదలు.

ఆనకట్టకు వెళ్లే ఆదివారం దగ్గరపడింది. ఆ రోజు అతనికి సెలవే. "మీరూ రండి. సైకిలు వద్దంటే బస్సెక్కి వచ్చేయండి, అక్కడ కలుద్దాం" అంది భార్య మామూలుగా. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. కానీ తన ఇంటివాళ్లు తొక్కుకుంటూ వెళ్తుంటే తను టికెట్టు కొనుక్కుని వెళ్లి గట్టు మీద కాచుకుని కూర్చోవాలన్న ఊహ అతనికి పుండు మీద కారంలా తగిలింది.

ముందు రోజు సాయంత్రం తల్లీకూతుళ్లు పళ్లు కొనడానికి వెళ్లారు. అతను మెట్ల కిందికి వెళ్లాడు. వెతికింది బావమరిది సైకిలు కోసం, అది అక్కడ లేదు. భార్యది ఉంది. ఇది దారిలో చెడితే బాగుచేసినవాడినే కదా అంటారు అనిపించింది. అలాంటి ఆలోచన తనకు రావడమేంటని ఒక్క క్షణం ఆశ్చర్యపోయాడు. కానీ చెయ్యి ఆగలేదు. వెనక చక్రానికి గాలి మూత తీసి యూనిఫాం జేబులో వేసుకున్నాడు, లోపలి వాల్వును కాస్త వదులు చేశాడు. గాలి ఒక్కసారిగా పోదు, మెల్లమెల్లగా పోతుంది. టైర్ల సంగతి అతనికి బాగా తెలుసు.

మర్నాడు వాళ్లు మధ్యాహ్నం కాకుండానే ఒక సామాన్ల వ్యానులో తిరిగొచ్చారు. పల్లంలో టైరు కూర్చుండిపోయి బండి పక్కకు ఈడ్చేసిందట. భార్య మోకాలు, మోచెయ్యి చెక్కుకుపోయాయి. మణికట్టు వాచింది. పిడుగు ఏడుస్తోంది.

"మొన్ననే చూశానన్నావు కదరా?" అంది అక్క నొప్పితో పళ్లు బిగించి.

"చూశానక్కా. గాలి నిండా ఉంది, నీమీదొట్టు."

దూదితో రక్తం తుడుస్తున్న నిదానం తలెత్తకుండా అన్నాడు. "పాత సామాను కదా. లిఫ్టులంటే తెలుసు గానీ, టైర్ల సంగతి వాడికేం తెలుసు?"

బావమరిది మొహం మాడిపోయింది. మెట్లు దిగి వెళ్లిపోయాడు. భార్య గాయం చూస్తే నిదానానికి గుండె కలుక్కుమంటోంది. అదే గుండెలో ఎక్కడో ఒక మూల చల్లగానూ ఉంది. ఆ చల్లదనానికి అతనికే భయం వేసింది.

బావమరిది రావడం మానేశాడు. ఫోను చేస్తే పని ఉందనేవాడు. ఇక ఇంట్లో అందరూ తనవైపు తిరుగుతారని అతను అనుకున్నాడు. ఎవరూ తిరగలేదు. పిడుగు బడినుంచి రాగానే మంచం మీద ముడుచుకుని ఫోను చూసుకునేది. భార్య కట్టు కట్టిన చేత్తో వడ్డిస్తూ, "తమ్ముడు ఏం తింటున్నాడో ఏమో" అనేది. రోజూ వచ్చే మనిషి మీద పడ్డ కుళ్లు ఇప్పుడు రాని మనిషి మీద పడుతోంది. వాడు ఎదురుగా ఉన్నప్పుడే నయం అనిపించింది.

పదిరోజుల తర్వాత, కట్టు విప్పాక తొలిసారి భార్య అతని యూనిఫాం ఉతకబోతూ జేబులు చూసింది. భోజనానికి కూర్చోగానే కంచం పక్కన చిన్న నల్ల మూత పెట్టింది. పిడుగు ఇంట్లో లేదు.

"ఇది బస్సుది కాదు" అంది.

అతను మూతను వేలితో పక్కకు జరిపాడు.

"ఎందుకండీ?"

"కడుపుమంట." రోగం పేరు చెప్పినట్టు చెప్పాడు.

"ఎవరి మీద? నా తమ్ముడి మీదా?"

"వాడి మీద. నీ మీద. పిల్ల మీద కూడా. మీరు ముగ్గురూ నవ్వుకుంటూ పోతుంటే చూడలేకపోయాను."

"రోజూ పిలిచాను కదా! వచ్చి మాతోపాటు నవ్వాల్సింది."

"రాదు."

"ఏం రాదు?"

"సైకిలు. తొక్కడం రాదు నాకు."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. అతని మొహంలోకి చూసి, గొంతు పెంచకుండా అంది. "నేను పడ్డప్పుడు వెనకాల ఒక బస్సు వస్తోంది. ఆ డ్రైవరు మీలాంటివాడు కాబట్టి ఆపాడు. ఇంకొకడైతే?"

అన్నం ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది. ఆమె లేచింది. "వాడికి మీరే చెప్పాలి. నా చేత చెప్పించకండి."

మర్నాడు డ్యూటీ దిగి బావమరిది పనిచేస్తున్న చోటికి వెళ్లాడు. ఎత్తయిన మేడ. మోటారు గది పైకప్పు మీద. లిఫ్టు బాగవుతోంది కాబట్టి మెట్లే గతి. అంతస్తు అంతస్తుకూ గోడ పట్టుకుని ఆగి, రొప్పుతూ పైకి చేరేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. బావమరిది గ్రీజు చేతులతో తలుపు దగ్గరికి వచ్చాడు. వాడి దగ్గర సిగరెట్టు వాసన.

నిదానం ఊపిరి అందకుండానే చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు.

"అక్కని నేనే పడేశానని కంటిమీద కునుకు లేదు నాకు" అన్నాడు బావమరిది. "మళ్లీ మొదలెట్టాను, చూశావుగా. నీ చలవే బావా."

"తప్పయిపోయిందిరా."

"నిజంగా సైకిలు రాదా?"

"రాదు. నేర్పుతావా?"

"నేర్పను. నా కోపం ఇంకా పోలేదు. వెళ్లు. దిగేటప్పుడు జాగ్రత్త, మెట్ల మీద నూనె ఉంది."

నేర్పింది పిడుగు. తెల్లారగానే డిపో వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్లి, సీటు కింద పట్టుకుని వెంట పరిగెత్తింది. "నాన్నా, ముందు చూడు! నన్నెందుకు చూస్తావు? నీకు అద్దం లేదు ఇక్కడ!" అతను పడ్డాడు. లేచి మళ్లీ పడ్డాడు. డిపోవాళ్లు గోడ మీద మోచేతులు ఆనించి తమాషా చూశారు. "నిదానంగారూ, హారన్ కొట్టండి!" అని కేకలేశారు. కూతురు ఒక్కసారి వాళ్లవైపు తిరిగి కళ్లెర్రజేస్తే సద్దుమణిగారు. ఎప్పుడు చెయ్యి వదిలిందో తెలియలేదు. గోడ దాకా ఒక్కడే వెళ్లి, ఎలా ఆపాలో గుర్తురాక గోడను గుద్దుకుని దిగాడు.

"ఇప్పుడు చెప్పు, నీ గురి" అంది పిడుగు.

"మీతోపాటు ఆనకట్ట దాకా రావడం."

కొన్ని వారాలకు బావమరిది ఇంటికి వచ్చాడు. బావ సైకిలు సీటు ఎత్తు సరిచేశాడు. తర్వాత నాలుగు సైకిళ్ల టైర్లూ ఒక్కొక్కటి బొటనవేలితో నొక్కి చూశాడు. అప్పట్నుంచి ప్రతిసారీ అలాగే నొక్కి చూస్తాడు. నిదానం పక్కనే నిలబడి ఊరుకుంటాడు.

షుగరు కొంత దిగింది, పూర్తిగా పోలేదు. డాక్టరు సగం మాత్ర రాశాడు. బావమరిది సిగరెట్టుతో ఇంకా కుస్తీ పడుతూనే ఉన్నాడు. నిదానం మాత్రం డిపోకు సైకిలు మీదే వెళ్తున్నాడు.

ఆనకట్టకు వెళ్లిన రోజు ఎండ లేదు. పిడుగు, మామయ్య ముందు దూసుకుపోయారు. వాళ్ల వెనక భార్య. ఆఖరున నిదానం. ఎత్తు దగ్గర ముగ్గురూ ఏదో అనుకుని నవ్వారు. ఆ నవ్వు గాలిలో వెనక్కి వచ్చింది. అతని కడుపులో మళ్లీ అదే మంట రాజుకుంది. భార్య వేగం తగ్గించి పక్కకు వచ్చేదాకా ఆగి చెప్పేశాడు.

"మళ్లీ మొదలైంది."

"ఏంటి, మోకాలి నొప్పా?"

"కాదు. కడుపుమంట."

ఆమె అతనివైపు చూసింది. కోపం కాదు, జాలి కూడా కాదు. "మంచిది. నిప్పు ఉంది కాబట్టి గట్టిగా తొక్కండి" అంది.

తొక్కాడు. వాళ్లిద్దరూ ఆనకట్ట చేరేసరికి మేనమామా మేనకోడలూ గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని అరటిపళ్లన్నీ తినేశారు.

"మాకేవి?" అన్నాడు నిదానం ఆయాసపడుతూ.

"ఆలస్యంగా వచ్చినవాళ్లకి తొక్కలే బావా" అన్నాడు బావమరిది.