తాడు మీద నేను, మానిటర్ దగ్గర ప్రసన్నక్క

నిన్న మధ్యాహ్నం ఫిల్మ్ నగర్‌లో లంచ్ బ్రేక్‌లో ఉండగా ఫోన్.

"ప్రసన్న పోయింది" అన్నారు.

ఏ ప్రసన్న అని అడిగాను. తెలిసి కూడా అడిగాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. నేను స్టంట్ డూప్‌ని. షూటింగుల్లో కెమెరా నుంచి మానిటర్‌కి వైర్‌లెస్‌లో వీడియో పంపే సిస్టమ్ చూసుకునే ఇంజనీర్ ప్రసన్నక్క. గుంటూరు మనిషి. గొంతు పెద్దది.

కొన్నేళ్ల కిందట జూబ్లీహిల్స్‌లో ఒక షూట్. సెట్ అంతా ఇనుప రేకులే. నేను తాడు మీద జారుకుంటూ వచ్చి గోడ ముందు ఆగాలి. మధ్యలో సెట్ అడ్డం, ఫైట్ మాస్టర్‌కి నేను కనపడను. నా హెల్మెట్ కెమెరా పంపే వీడియో చూసి ఆయన తాడు ఆపించాలి.

ముందు ఇసుక బస్తాకి హెల్మెట్ కట్టి వదిలారు.

మానిటర్‌లో బొమ్మ ఒక్క క్షణం ఆగింది.

బస్తా వెళ్లి గోడకి కొట్టుకుంది.

"బ్యాండ్‌విడ్త్ పెంచండి మేడమ్, సెట్ అయిపోతుంది" అన్నాడు మేనేజర్.

"పెంచితే ఇంకా పాడవుతుందండీ. తగ్గించాలి. టైమ్ కావాలి."

"హీరోయిన్ గారు వెయిటింగ్ మేడమ్!"

"ఉండనివ్వండి. ఈ అమ్మాయిని మాత్రం ఎక్కనివ్వను."

యూనిట్ మొత్తం ముందు అంది ఆ మాట.

నాకు అర్థం కాలేదు. మెల్లగా అడిగాను. "అక్కా, బ్యాండ్ ఎక్కువుంటే డేటా జల్ది పోతది కదా? గిట్లెట్ల?"

"దారి తెలిసినప్పుడు పోతుందే. నువ్వు కదిలేకొద్దీ సిగ్నల్ ఈ రేకులకి తగిలి తగిలి దారి మారిపోతోంది. ఆ దారి ఎలా ఉందో రిసీవర్ ఎప్పటికప్పుడు తెలుసుకోవాలి. బ్యాండ్ ఎంత వెడల్పయితే తెలుసుకోవాల్సింది అంత ఎక్కువ. ఉన్న పవర్ మాత్రం అంతే. చారెడు పెరుగులో బిందెడు నీళ్లు పోస్తే ఏమవుతుంది?"

బ్యాండ్ తగ్గించింది. బొమ్మ కాస్త మసకబారింది.

కానీ ఆగలేదు.

బస్తాని మళ్లీ మళ్లీ వదిలించి చూసింది. గోడకి దూరంగానే ఆగుతోంది. అప్పుడు నా బెల్టు తనే లాగి చూసి, "ఇప్పుడెళ్లు" అంది.

వెళ్లాను. ఆగాను. దిగి ఆవిడని పట్టుకుని ఏడ్చేశాను.

"చెమట కంపు కొడుతున్నావ్, జరుగు" అని నవ్వింది.

నిన్న సాయంత్రం వెంగళరావు నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లాయన నన్ను గుర్తుపట్టి అన్నారు.

"ఆ రోజు షూట్ ఆపిన తర్వాత ఆ సినిమా కంపెనీ వాళ్లు తనని మళ్లీ పనికి పిలవలేదమ్మా. నీకు చెప్పలేదా?"

లేదు.

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

అక్కా, నా పెళ్లిలో ముందు వరసలో కూర్చున్నావు. నా బిడ్డని ఎత్తుకుని ఆడించావు. ఇవన్నీ ఆ రోజు నువ్వు వద్దన్నందుకే నాకు దక్కాయి.

వెళ్లిరా అక్కా. ఎక్కడున్నా నీ ఆత్మ చల్లగా ఉండాలి.