పేరు చీటీలు

గల్ఫ్‌లోని ఉమ్ ఘువైలినా పేటలో మా భవనం నుంచి ఎవరు ఊరికి వెళ్లిపోతున్నా, పై అంతస్తు అక్క అందరినీ కూడగట్టి పార్కింగ్‌లో పాత సామాన్ల అమ్మకం పెట్టించేది. వెళ్లేవాళ్ల వస్తువు ఒకటి తానూ కొని, గ్రంథాలయ పుస్తకాలకు మల్లే అడుగున వాళ్ల పేరు చీటీ అంటించేది.

ఈ వేసవిలో అక్కే వెళ్లాల్సి వచ్చింది. పాతవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను. ఈసారి అమ్మకం బల్ల నిండా చీటీల సామానే.

ఒకాయన ఇడ్లీపాత్ర బేరమాడి చీటీ గోకబోయాడు.

"ఉండనివ్వండి, అది కాకినాడ వదినది," అంది అక్క.

"ఆవిడ పేరు నాకెందుకండీ?"

అక్క పాత్ర వెనక్కి తీసుకుంది. "ఇవన్నీ నువ్వు ఉంచుకుంటావా తమ్ముడూ?" అని నన్నడిగింది.

అన్నీ మా గదికి చేర్చాను, అక్క కూర్చునే స్టూలుతో సహా. ఆవిడ వెళ్లాక దానికీ చీటీ రాయబోయి ఆగిపోయాను. ఇన్నేళ్లూ అక్కా అనే పిలిచాను; పేరు ఏనాడూ అడగలేదు.