గీత తాకితే నొక్కెయ్

మా పెద్దనాయన పోయాడు. తొలి వాన పడిన మర్నాడు పొద్దున, కంబదూరు దగ్గర మా చేనిగట్టు మీద కూలబడినవాడు మళ్ళీ లేవలేదు. పెద్దమ్మ ఫోన్ చేసేసరికి నేను కళ్యాణదుర్గంలో, ఎరువుల అంగడి మిద్దె మీది మా గదిలో, రెండు కంప్యూటర్ల ముందు ఒక్కదాన్నే కూర్చుని ఆయన మీద విసుక్కుంటున్నాను. షేర్ మార్కెట్ తెరిచి చాలాసేపయింది. మనిషి రాలేదు. "చేను విత్తేదానికి పదునైందో లేదో చూసొస్తా పాపా, నేనొచ్చేదాకా ఏమీ కొనొద్దు" అని చెప్పి పోయాడు. ఎదురుగా మంచి బేరం జారిపోతోంది. ఈయనకు పదును చూడటానికి ఈ పొద్దే దొరికిందా అనుకుంటున్నాను. అప్పుడే ఫోన్ మోగింది. "మీ పెద్దనాయన మనకు లేడు పాపా, వచ్చెయ్" అంది పెద్దమ్మ.

నేను ఆయన తమ్ముడి కూతుర్ని. బీకాం చదివి, రెండు ఉద్యోగాలు నోటిదురుసుతో పోగొట్టుకుని ఇంటికొచ్చినదాన్ని. మేమిద్దరం చేసేది డే ట్రేడింగ్. పొద్దున కొన్న షేర్లను మార్కెట్ మూసేలోపే అమ్మేయాలి, అంతే. అంగడి దగ్గర కూర్చునేవాళ్ళు "ఈ వయసులో జూదమేందప్పా నీకు?" అంటే ఆయన నవ్వేవాడు. "మబ్బును నమ్మి శెనక్కాయ విత్తేటోళ్ళం. మనకు జూదం కొత్తనా?"

ఈ పనిలో ప్రాణం కాపాడేది ఒక్క నియమం. కొనేముందే ఒక గీత పెట్టుకోవాలి. ధర ఆ గీతదాకా దిగితే, నష్టం చిన్నగా ఉన్నప్పుడే అమ్మేసి బయటపడాలి. ఇది అందరికీ తెలుసు. పాటించేవాళ్ళే లేరు. మెషీన్‌లో గీత పెట్టి, ధర దగ్గరికి రాగానే "ఇంకొంచెం చూద్దాం" అని ఆ గీతనే కిందికి జరుపుకుంటారు. నేనూ అంతే. అట్లా జరిపి జరిపి చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయే దశలో ఉండగా ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆయన పద్ధతి పశువుల సంత నుంచి వచ్చింది. మా వైపు పెద్దలు తమ ఎద్దును తాము అమ్ముకునేవారు కాదు. సంతలో దిగగానే దాని పలుపుతాడు తెచ్చి ఏ అన్నదమ్ముడి చేతిలోనో పెట్టి, ధర చెప్పేసి, దూరంగా పోయి కూర్చునేవారు. "మన ఎద్దు కండ్లు మనం చూస్తే బేరం చెడుతాది పాపా. చూడనోని చేతికి ఇచ్చెయ్యల్ల" అనేవాడు. మా గదిలోనూ అంతే. నా ట్రేడ్ నడిచేటప్పుడు మౌస్ ఆయన చేతిలో. ఆయన ట్రేడ్ నడిచేటప్పుడు నా చేతిలో. కొన్నవాడు గీత ఎక్కడో పైకి చెప్పాలి. ఆ తర్వాత వాడికి నోరు లేదు. గీత తాకితే అవతలివాడు మౌస్ నొక్కి అమ్మేస్తాడు.

తన వంతు వచ్చినప్పుడు ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, బడిపిల్లాడిలా కూర్చునేవాడు. కాఫీ తాగడు, ఫోన్ ఎత్తడు. నేను మాత్రం ఆయన నొక్కిన ప్రతిసారీ తగువుకు దిగేదాన్ని. పడిపోయే షేర్‌ను ఇంకా చవగ్గా వచ్చిందని మళ్ళీ కొనబోతే కసిరేవాడు. "నీళ్ళు పడని బోరులో ఇంకో నూరడుగులు దించినోడు యాడన్నా బాగుపడినాడా, చెప్పు?" మా మండలంలో ఆ మాటకు ఎదురు చెప్పగలిగేవాళ్ళు లేరు. కొనడం మానుకునేదాన్ని.

అట్లాంటి మనిషి ఒకసారి గీత దగ్గర తడబడ్డాడు.

ఆ పొద్దు ఆయన మామూలు కన్నా చాలా ఎక్కువ కొన్నాడు. గీత చెప్పాడు కానీ గొంతు ఆయనది కాదు. ధర కాసేపు పైకి పోయి, తిరిగి దిగడం మొదలుపెట్టింది. నా వేలు మౌస్ మీద ఉంది. ఫ్యాన్ తిరుగుతున్నా నా మెడ మీద చెమట కారుతోంది. ధర గీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది, లేచింది, మళ్ళీ దిగింది. ఆయన చేతులు తొడల కింద నుంచి బయటికొచ్చాయి.

"పాపా, ఆగు."

నేను తిరిగి చూడలేదు.

"ఆగమ్మా, ఒక్క నిమిషం. అవి మీ పెద్దమ్మ మోకాలి ఆపరేషన్ దుడ్లు."

ఇంటి డబ్బు ఈ బల్ల మీదికి రాకూడదన్నది కూడా ఆయన నియమమే. పెద్దమ్మ గోడ పట్టుకుని గడప దాటడం రోజూ చూస్తున్నాను. నొక్కితే ఆమె ఇంకెన్నాళ్ళు అట్లా నడవాలో! నొక్కకపోతే అసలుకే మోసమొస్తుందేమో! ఆయన చేయి నా చేయి మీదికి వస్తోంది. ధర గీతను తాకింది. నొక్కేశాను.

ఇక్కడ నేను గెలిచినట్టు చెప్పగలిగితే బాగుండేది. కాసేపటికి ఆ షేర్ తిరిగి లేచి, ఆయన కొన్న ధరను దాటి పైపైకి పోయింది. ఇద్దరం చూస్తూనే ఉన్నాం. ఆయన కండువా దులుపుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి జరిగిందంతా పెద్దమ్మకు చెప్పేశాడట. ఆపరేషన్ వాయిదా పడింది. చాలా రోజులు గది వైపు రాలేదు, నాతో మాట్లాడలేదు. నేను ఏడ్చాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది. నేర్పినవాడివి నువ్వేగా, మరి నా మీద అలుగుతావేం!

ఒకరోజు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ పొద్దు నువ్వు ఆగింటే నాకు దుడ్లు వచ్చిండేవి. ఆగితే వస్తాయనే బుద్ధి కూడా వచ్చిండేది. దుడ్లు ఆపరేషన్‌కు పోయిండేవి, బుద్ధి నాకాడే ఉండిపోయిండేది. అదే నన్ను మింగిండేది పాపా."

అంతే. క్షమాపణా లేదు, మెచ్చుకోలూ లేదు. మౌస్ నా వైపు జరిపాడు. తర్వాతి పంట అమ్మాక పెద్దమ్మ మోకాలు బాగైంది.

పెద్దనాయన దినాలు అయిపోయాక గది తెరిచాను. నాకు వేరే బతుకుతెరువు లేదు. ఒంటరిగా కూర్చుంటే గీత జరుపుకుంటానని నాకు బాగా తెలుసు. అందుకే కొన్నాళ్ళు తెరలు వెలిగించుకుని ఊరికే చూస్తూ, ఏమీ కొనకుండా ఇంటికి పోయాను.

ఒక పొద్దున మెట్ల మీద అడుగుల చప్పుడయింది. పెద్దమ్మ. ఈ పెట్టెలను ఆమె ఎప్పుడూ "ముదనష్టపువి" అనే పిలిచేది. లోపలికొచ్చి ఆయన కుర్చీలో కూర్చుని, చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"యాడ నొక్కల్ల? చూపీ."

చూపించాను. ఎర్రగీత ఏదో, అంకె దానికి తాకితే ఏం చేయాలో చెప్పాను. "నేను బతిమాలినా ఆగొద్దు పెద్దమ్మా" అన్నాను.

"ఆయప్ప బతిమాలితే నువ్వు ఆగినావా? నేనేల ఆగుతా?"

కొన్నాను. ధర కాసేపు ఊగిసలాడి దిగడం మొదలుపెట్టింది. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగింది. గీత ఇంకొంచెం దూరంలో ఉంది. ఇప్పుడు లేస్తుంది, ఇదిగో లేస్తుంది అనిపిస్తోంది. నోరు కట్టుకోలేకపోయాను.

"ఒక్క నిమిషం పెద్దమ్మా..."

అంకె గీతను తాకింది. ఆమె నొక్కేసింది. ఆ తర్వాత ధర లేచిందో పడిందో చూడలేదు. నొక్కిన వేలు తీయకుండా, అట్లే అదిమి పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.