ఎవరి రక్తమో తేలలేదు

కొబ్బరితోట హత్యకేసులో ముద్దాయిదన్న పంచె మీద మరకలు చనిపోయినాయన రక్తమేనని పరీక్షలో తేలిందంటారు మా ముమ్మిడివరంలో. తేలలేదు. ఆ రిపోర్టు నేను చదివాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, అమలాపురం బస్టాండులో పక్కన కూర్చున్న ఒకావిడ, శిక్ష పడినవాడి తల్లినని చెప్పి, ఆ ఇంగ్లీషు కాగితం చదివిపెట్టమంది. మనిషి రక్తమే, ఏ గ్రూపో తేలలేదని ఉంది. అదే చెప్పాను.

"ఆయ్, ప్లీడరుగారూ అదే చెప్పేరండి. అసలా పంచే మావోడిది కాదండి. చాకలి మా బట్టలకి గుర్తుకి రెండు చుక్కలు పెడతాడండి. దానికి మూడున్నాయండి."

"మరి కోర్టులో చెప్పలేదేం?"

"రక్తం గురించే అడిగేరండి. చుక్కల సంగతెవరూ అడగలేదండి."

సంచిలోంచి కొడుకు పంచె ఇంకొకటి తీసి అంచు చూపించింది. నల్లజీడి రసంతో పెట్టిన రెండు చుక్కలు. నాకు నమ్మకం కుదరలేదు. కొడుకు హంతకుడని ఏ తల్లి ఒప్పుకుంటుంది?

"నల్లజీడి గింజ ఎక్కడైనా దొరుకుతుందండీ. ఈ చుక్కలు నిన్న పెట్టినవైనా కావచ్చు" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. పంచెను నిదానంగా మడతపెట్టింది. "చదువుకున్న తమరే అలాగంటే ఇంక జడ్జిగారినేం అంటామండి" అని రాజోలు బస్సెక్కేసింది.

ఇప్పుడెవరు ఆ కేసు ఊసెత్తినా నేను వాదనకి దిగుతాను. మావారు పేపరు పట్టుకుని అరుగు మీదికి వెళ్లిపోతారు. ఆవిడ అబద్ధమే ఆడిందనుకుందాం. చాకలిని పిలిస్తే ఒక్క పూటలో తేలిపోయే అబద్ధమే కదా. మూడు చుక్కలు ఏ ఇంటి గుర్తని అతన్ని అడిగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?