పోటీదారులంతా ఉన్న ఫ్లెక్సీ

అర్ధవీడు సెంటర్లో ఫ్లెక్సీ లేని రోజంటూ ఉండదు. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, ఓణీల వేడుకకు ఫ్లెక్సీ, కొత్త ట్రాక్టరు కొన్నా ఫ్లెక్సీ. అందుకే ఆ మంగళవారం పొద్దున కంభం బస్సు దిగిన పావని, రెండు కరెంటు స్తంభాల మధ్య కొత్తది రెపరెపలాడుతుంటే పట్టించుకోలేదు. నాలుగడుగులు వేశాక ఎందుకో తలెత్తి చూసింది. చేతులు జోడించి నవ్వుతున్నది తనే.

ఆ ఫోటో పిన్నమ్మ కూతురి పెళ్ళిలో తీసింది. పక్కనున్న పెళ్ళికూతుర్ని కోసేశారు. జోడించిన చేతులు మాత్రం ఎవరివో తెచ్చి అతికించారు. ఆ వేళ్ళకున్న ఉంగరాలు పావని ఏనాడూ పెట్టుకుని ఎరగదు. కింద పెద్దక్షరాలతో "పాత్‌లీఫ్ ప్రపంచ కమిటీకి పోటీ చేయుచున్న మన ఆడపడుచు పావనిని ఆశీర్వదించండి" అని రాసి ఉంది. అంతవరకైతే సిగ్గుతో సరిపోయేది. అసలు సంగతి పైవరసలో ఉంది. అక్కడ నాలుగు గుండ్రటి ఫోటోలు, వాటికింద బిరుదులు. నైరోబీ ఫెబీకి "ఆఫ్రికా ఆశాజ్యోతి". ఇంజనీరు వినయ్ కుమార్‌కు "బెంగళూరు బెబ్బులి". గడ్డం నెరిసిన జర్మనీ పెద్దాయనకు "జననేత". నాలుగో ఆమెది ఏ దేశమో తేలలేదు కాబోలు, "అందరి అక్క" అని సరిపెట్టారు.

ఆ నలుగురూ పావని మీద పోటీ చేస్తున్నవాళ్ళు.

పావని గొర్రెల కాపరి కాటమరాజుకు, శేషమ్మకు ఒక్కగానొక్క కూతురు. కంభంలో డిగ్రీ చదివి, ఉద్యోగాల వెంట తిరిగి తిరిగి, చివరకు సొంత ఊరి సెంటర్లోనే జిరాక్స్ దుకాణం పెట్టుకుంది. పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతుంది, ఫోను పాడైందని ఎవరొచ్చినా ముందు ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూస్తుంది. సగం జబ్బులు దానికే నయమవుతాయి.

పాత్‌లీఫ్ ఆమెకు తండ్రి వల్ల పరిచయమైంది. ఏటా కోతలయ్యాక కాటమరాజు మందను తోలుకుని చీరాల వైపు పోతాడు, వానలు పడ్డాక తిరిగొస్తాడు. దారిలో నీళ్ళు ఎక్కడున్నాయో తెలియకపోతే మంద గతి అంతే. సిగ్నల్ లేనిచోట కూడా దారినీ నీళ్ళనూ చూపించే మ్యాపు ఏదైనా ఉందా అని వెతికితే ఇది దొరికింది. దీనికి యజమాని లేడు. ఊరుమ్మడి బాట లాంటిది. ఎవరైనా నడవొచ్చు, గుంట పడితే చేతనైనవాళ్ళెవరైనా పూడ్చొచ్చు. లోపలి రాత, అదే కోడు, ఎట్లా ఉందో అందరికీ కనిపిస్తుంది, తప్పుంటే దిద్దొచ్చు. పావని మొదట మ్యాపులో కుంటలు గుర్తుపెట్టింది. తర్వాత మాటలను తెలుగు చేసింది. ఆ తర్వాత చూసి చూసి, అడిగి అడిగి, లోపలి తప్పులు దిద్దడం కూడా నేర్చుకుంది. మేకలు కాసే గురవమ్మ వాన పడిన మర్నాడే కొండ కింద నుంచి ఫోన్ చేసేది. "ఉప్పుటేరు కాడ కుంట నిండింది పాపా, ఎక్కించు." పావని ఎక్కించేది.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. అట్లా కాకూడదనే పాత్‌లీఫ్ వాళ్ళు ఏటా ముగ్గురితో ఒక కమిటీని ఎన్నుకుంటారు. దానికి ఏదో ఒక పని చేసిపెట్టినవాళ్ళకే ఓటు. ఈ ఏడు కమిటీ ముందున్న పెద్ద ప్రశ్న పాత ఫోన్లది. వచ్చే కొత్త యాప్ పాత ఫోన్లలో పనిచేయకుండా ఆపేద్దామన్నది వినయ్ కుమార్ ప్రతిపాదన. అతను చెడ్డవాడేం కాదు. పాతవాటి కోసం రాసిందే రెండుసార్లు రాయాల్సి వస్తోంది, చేసే చేతులేమో తక్కువ అన్నాడు. మాట న్యాయమైనదే. కానీ కాటమరాజు ఫోను పాతది, గురవమ్మది ఇంకా పాతది. యాప్ ఆగిందంటే మళ్ళీ ఆకాశం చూసి నడవడమే. ఆ మాట చెప్పడానికి కమిటీలో ఒక్కరైనా ఉండాలని పావని నామినేషన్ వేసింది.

వేసింది గానీ, "నాకెందుకు ఓటేయాలి" అని రాయమంటే చెయ్యి ఆడలేదు. తన గొప్ప తాను చెప్పుకుంటే ఊళ్ళో ఏమంటారో ఆమెకు తెలుసు. తండ్రికి ఫోన్ చేసింది.

"నాయనా, వలస పోయేటప్పుడు మందకు పెద్దను ఎట్ల ఎంచుతారు?"

"ముందు నడిచేటోణ్ణి చూసి కాదమ్మా" అన్నాడు కాటమరాజు. "ముందర పొట్టేలు నడుస్తాది, దానికి తెలివి అక్కర్లా. ఎనకాల కుంటి గొర్రెతో పాటు నడిచేటోణ్ణి పెద్ద అంటాము."

పావని ఆ మాటనే ఇంగ్లీషులో రాసి పంపింది. అంతటితో తన ప్రచారం అయిపోయిందనుకుంది.

శేషమ్మ మాత్రం అట్లా అనుకోలేదు. కూతురు ఎలక్షన్లో నిలబడితే ఇంట్లో గమ్మున కూర్చునే తల్లి ఎవరు? మార్కాపురంలో ఫ్లెక్సీల దుకాణమున్న తమ్ముడు కోటికి ఒక్క ఫోన్ చేసింది. మిగతాదంతా కోటి భుజాన వేసుకున్నాడు.

పావని ఫ్లెక్సీ కిందనే నిలబడి మేనమామకు ఫోన్ కలిపింది.

"ఏంది మామా ఇది? ఆ పైన ఉండేది ఎవురో తెలుసా నీకు?"

"మీ పెద్దోళ్ళు గదా. ఆ ఎలక్షన్ పేజీలో నీతో పాటు వరసగా ఉండారు. నాయకుల ఫోటోల్లేకుండా ఫ్లెక్సీ ఏసినామంటే నలుగురూ నవ్వుతారు పాపా."

"నాయకులు కాదు మామా! నా మీద పోటీ చేసేటోళ్ళు!"

అటువైపు ప్రింటర్ చప్పుడు టక్కున ఆగింది.

"నలుగురూనా?"

"నలుగురూ."

"ఒక్కరి మొకంలో కూడా పగ కనపడలేదే మరి" అన్నాడు కోటి నిజంగానే ఆశ్చర్యపోతూ. "పోనీలే, ఇక్కడ వాళ్ళను ఎరిగినోళ్ళు ఎవురుండారు?"

సాయంత్రానికల్లా దింపేస్తే సరి అనుకుంది పావని.

"ఓటర్లు ఊర్లో లేరని అక్క ముందే చెప్పింది. అందుకే ఫోటో తీసి ఆ పేజీలో కూడా పెట్టినాను" అన్నాడు కోటి, శభాష్ అంటుందని ఆశపడుతూ.

పావని పరుగున వెళ్ళి దుకాణం తెరిచి చూస్తే, అప్పటికే పాత్‌లీఫ్ ఎన్నికల అధికారి రాసి ఉన్నాడు. మర్యాదగానే రాశాడు గానీ మాట మాత్రం ఖరాఖండి. తోటి అభ్యర్థులు తనను బలపరుస్తున్నట్టు వాళ్ళ ఫోటోలు వాడుకోవడం నియమాలకు విరుద్ధం. రేపు మధ్యాహ్నంలోగా ఆమె సంజాయిషీ ఇవ్వాలి, నలుగురూ అభ్యంతరం లేదని రాయాలి. ఒక్కరు రాయకపోయినా నామినేషన్ రద్దు.

ఇంటికొచ్చి చెప్తే శేషమ్మ చేటలోని బియ్యం అట్లాగే వదిలేసి గోడకు ఆనుకుని కూలబడింది.

"నా నోటితో నేనే చెడగొట్టినానా తల్లీ?"

కోపంతో వచ్చిన పావనికి ఆ ముఖం చూశాక కోపం నిలవలేదు. తనకోసం ఇంత ఆర్భాటం ఇంకెవరు చేస్తారు? తల్లి పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఉన్నదున్నట్టు రాసింది. మా వైపు ఫ్లెక్సీ వేస్తే మనిషి ఒంటరిగా ఉండకూడదు. పైన పెద్దవాళ్ళు ఉంటేనే కింద ఉన్నవాళ్ళకు విలువ. మీరంతా నా పెద్దలని మా మామ అనుకున్నాడు. మిమ్మల్ని వాడుకుందామని కాదు, గౌరవిద్దామని వేశాడు. తప్పు మాదే, మన్నించండి. ఇంతా రాశాక, బిరుదులకు అర్థాలు కూడా చెప్పక తప్పలేదు. కళ్ళు మూసుకున్నంత పని చేసి బెబ్బులిని ఇంగ్లీషులోకి దింపింది.

అందరికంటే ముందు ఫెబీ జవాబిచ్చింది. "ఎన్నికలొస్తే మా ఊళ్ళోనూ పోస్టర్ల కింద గోడలు కనపడవు. అభ్యంతరం లేదు, కానీ నాకొక కాపీ కావాలి" అంది. జర్మనీ పెద్దాయన, తన మాట ఇంట్లో కుక్క కూడా వినదనీ, జననేత అన్న మాటను భార్యకు చూపించాననీ రాశాడు. అందరి అక్క కూడా సరేనంది. వినయ్ కుమార్ మాత్రం ఉలకలేదు పలకలేదు.

మర్నాడు పొద్దెక్కింది. పావని జిరాక్సులు తీస్తూనే ఉంది గానీ, ఒకరి ఆధార్ కార్డు ఇంకొకరి చేతిలో పెట్టింది. పాత ఫోన్లను ఆపేద్దామన్నవాడు అతనే. తను తప్పుకుంటే అతని దారికి అడ్డమే ఉండదు. గురవమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. శేషమ్మ తాళి కళ్ళకద్దుకుని ఏ దేవుడికో పొంగళ్ళు మొక్కింది. మధ్యాహ్నం కావస్తుండగా పావని ఫోన్ మోగింది.

"పావని గారేనాండీ? నేను వినయ్ కుమార్‌ని" అన్నాడు శుభ్రమైన తెలుగులో. "లేటయింది, సారీ. మా అమ్మది కొమరోలు. నాకు తెలుగు చదవడం రాదు. మీ జాబు రాకముందే ఆ బిరుదేంటో చదివి చెప్పమని ఆమెకు ఫ్లెక్సీ పంపించాను. ఆమె చుట్టాలందరికీ పంపేసింది. నిన్నటి నుంచి, నాయకుడివి ఎప్పుడైనావురా అని ఒకటే ఫోన్లు. టైపు చేసుకునే సందు ఇస్తే కదా!"

పావనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇప్పుడే అభ్యంతరం లేదని రాశానండీ. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నాకు ఫ్లెక్సీ వేసింది మీరొక్కరే. కానీ పాత ఫోన్ల విషయంలో నా మాట నాదే, తగ్గేది లేదు."

"నా మాటా నాదేనండీ" అంది పావని.

నామినేషన్ నిలబడింది. ఓట్ల రోజున "నీ ఓటు నీకే ఏసుకున్నావా?" అని శేషమ్మ అడిగితే, వేసుకున్నానని చెప్పడానికి పావనికి సిగ్గేసింది. ఫలితాలు వచ్చేసరికి ఫెబీ, వినయ్ కుమార్ గెలిచారు. మూడో పేరు పావనిది. ఓడిపోయిన జననేత అందరికంటే ముందు అభినందనలు చెప్పి, కుంటి గొర్రె మాట చదివి తన ఓటు ఆమెకే వేశానని ఒప్పుకున్నాడు. సెంటర్లో కోటి పేల్చిన టపాకాయలకు మూడు బస్సులు ఆగిపోయాయి.

వీడియో కాల్‌లో జరిగిన మొదటి సమావేశంలోనే పాత ఫోన్ల మాట వచ్చింది. వినయ్ కుమార్ సూటిగా అడిగాడు. "రాస్తామే అనుకోండి, ఆ ఫోన్లలో పనిచేస్తుందో లేదో చూసేదెవరు? అలాంటి ఫోన్లు మనలో ఎవరి దగ్గరా లేవు."

పావని తన ఫోన్ కెమెరాను దుకాణం వైపు తిప్పింది. బల్ల మీద వరసగా ఫోన్లు. అద్దం పగిలినవి, రబ్బరు బ్యాండు చుట్టినవి, మూత లేనివి. వాటి వెనక వాటి మనుషులు. అందరికంటే ముందు గురవమ్మ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ.

"మేము చూస్తామండీ. మా దగ్గర లేని పాత ఫోను లేదు."

ఫెబీ పగలబడి నవ్వింది. వినయ్ కుమార్ తెర దగ్గరికి వంగి ఆ బల్ల మీది ఫోన్లను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత, "మా అమ్మ ఫోను కూడా ఇంతేలెండి" అన్నాడు. "మీరు చూసిపెడతానంటే నేను రాసిపెడతాను." పాత ఫోన్లకు యాప్ ఆపకూడదని ముగ్గురూ ఒప్పుకున్నారు.

వానలు మొదలయ్యాక కాటమరాజు మందతో తిరిగొచ్చాడు. గొర్రెలన్నీ ముందు దొడ్డిలోకి దూరాయి. ఆయన అన్నిటికంటే చివర, కుంటుతున్న గొర్రె పక్కన నడుస్తూ తడిసి ముద్దై వచ్చాడు. పెద్దారవీడు దాటాక కొత్త కుంట ఒకటుందని ఫోను చూపించిందనీ, పోయి చూస్తే నిండుగా ఉందనీ చెప్పాడు.

"కొత్త యాప్ తెరుచుకున్నిందా నాయనా?"

"తెరుచుకున్నింది. లేకుంటే నీకెట్ల చెప్తానే?"

అంటూనే పైకి చూశాడు. గొర్రెపిల్లల దొడ్డి కప్పు మీద పాత టార్పాలిన్ పట్టా పోయి ఏదో కొత్తది వచ్చింది. అందులోంచి నలుగురు పెద్దమనుషులు ఆయన్నే చూస్తున్నారు. కూతురు గెలిచిన మర్నాడే శేషమ్మ సెంటర్ నుంచి ఫ్లెక్సీ విప్పించి తెచ్చి, బొమ్మలు లోపలి వైపుకు తిప్పి తాళ్ళతో బిగించి కట్టింది. ఇంత గట్టి గుడ్డ వానకు పాడైపోతుంటే ఆమె చూస్తూ ఊరుకోదు.

"ఎవురమ్మా వీళ్ళంతా?"

"ఇద్దరు మా కమిటీ నాయనా. నలుగురూ నా మీద పోటీ చేసినోళ్ళే."

బెంగళూరు బెబ్బులి మీద, ఆఫ్రికా ఆశాజ్యోతి మీద వాన దబదబ కొడుతోంది. కింద గొర్రెపిల్లలు పొడిగడ్డిలో ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. కాటమరాజు కుంటి గొర్రెను మెల్లగా ఆ కప్పు కిందకు నెట్టి, చుక్క నీరు పడుతుందేమోనని అరచెయ్యి పట్టి చూశాడు. పడలేదు.

"మంచోళ్ళనే ఎంచుకున్నారు" అన్నాడు.