రఫీ బస్‌స్టాపుకి ఒక మేపుల్

సెప్టెంబర్, శనివారం. ఉదయం 7:40కి మ్యూనిక్‌లో ప్యాసింజర్ రైలెక్కాం. రోజంతా తిరిగే టికెట్ ఒకటి కొంటే ఇద్దరికీ సరిపోయింది. నాతో మా ఆడబిడ్డ నస్రీన్ వచ్చింది. మ్యూనిక్ పక్కనే గార్చింగ్‌లో మాస్టర్స్ చేస్తోంది. మా ఆయన రఫీ ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయారు. ఆయన రోజూ బస్సెక్కే స్టాపు పక్కన, ఎండిన చెట్టు తీసేసిన గొయ్యి ఖాళీగా ఉంది. అక్కడ ఆయన పేరున మేపుల్ నాటిస్తామంటే కార్పొరేషన్ వాళ్ళు ఒప్పుకున్నారు. మొక్కల నర్సరీకి వెళ్ళి రకం మీరే ఎంచుకోండి అన్నారు.

నస్రీన్‌కి నేను చెప్పనిది ఒకటుంది. డిసెంబర్‌లో నేను హైదరాబాద్ వెళ్ళిపోతున్నాను. ఆ చెట్టు నేను లేకుండా బతకాలి.

రైల్లో మాస్కు తీసే ధైర్యం లేక, 9:25కి దిగాక స్టేషన్ బయట బెంచీ మీద ఉప్మా డబ్బా విప్పాం. అక్కణ్ణించి నర్సరీకి వెళ్ళే బస్సు శనివారాలు రెండు గంటలకొకటేనట. మూడు కిలోమీటర్లు నడిచాం. వెళ్ళేవాళ్ళు బస్సు టైము ముందే చూసుకోండి.

నర్సరీ పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. చెట్లు చూపించకుండా, సంబంధం మాట్లాడటానికి వచ్చినవాడిలా ముందు ఆరా తీశాడు. గొయ్యి వెడల్పెంత? చలికాలం మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారా? ఎదురుగా ఎండను తిప్పికొట్టే అద్దాల గోడ ఉందా? ఫోన్లో ఫొటోలు చూపించాను.

నస్రీన్ అప్పటికే వేసవంతా ఎర్రగా ఉండే మేపుల్ కింద నిలబడింది. "భాయ్‌కి ఇదే ఇష్టం గదా భాభీ. యాడ కనిపిచ్చినా ఆగి ఫొటో తీస్తుండె."

నిజమే. నాకూ అదే కావాలనిపించింది.

"తోటలో పెట్టుకుంటే దీనంత అందం లేదు," అన్నాడు పెద్దాయన. "మీ స్టాపులో ఆ ఉప్పూ వేడీ ఓర్చుకోలేదు. నాలుగేళ్ళలో కొమ్మలు ఎండుతాయి." పక్క వరసలో, పొలాల గట్ల మీద పెరిగే చిన్నాకుల మేపుల్ చూపించాడు. "దీన్ని ఎవరూ ఫొటో తీయరు. కానీ బతుకుతుంది."

ఆసుపత్రిలోకి రానివ్వని ఆ మూడు వారాలూ ఫోన్ మోగినప్పుడల్లా నేను కోరుకున్నది ఆ ఒక్కటే.

అక్కడ ఎంచుకున్న చెట్టుకు నంబరున్న ప్లాస్టిక్ సీలు మనమే బిగించాలి. బిగిస్తే ఇక ఊడదు. పెద్దాయన నా చేతిలో పెట్టిన సీలు చిన్నాకుల మేపుల్ కొమ్మకు వేసేశాను.

"ఇదేం చెట్టు భాభీ! చూడనీకె గూడ మంచిగ లేదు." నస్రీన్ ఏడ్చేసింది. "భాయ్ ఆఖరి చూపు మనకు దొరకలె. ఇదొక్కటన్న ఆయనకు నచ్చింది పెట్టొద్దా?"

తిరిగి 2:10 రైలెక్కాం. రైల్లో చెప్పేశాను.

"నేను డిసెంబర్‌ల ఇంటికి పోతున్న నస్రీన్. ఎర్రది పెడితే, ఎండిపోయిందని ఏదో ఒకరోజు నువ్వే ఫోన్ చేసి చెప్తవు. అసొంటి ఫోన్ ఇంకొకటి నాతోని గాదు."

రెండు స్టేషన్లు దాటాక నస్రీన్ అడిగింది. "నీళ్ళు ఎన్ని పొయ్యాలన్నడు?"

"ఎండాకాలం వారానికి పది బకెట్లు. మూడేళ్ళు."

ఫోన్ తీసి రాసుకుంది. వెతికి వెళ్ళినందుకు మంచి చెట్టే దొరికింది. నస్రీన్ చదువు మాత్రం వచ్చే ఏడాదితోనే అయిపోతుంది. మ్యూనిక్ వచ్చేదాకా ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.