ముందు గుండె చూపించుకో

కోరుట్లల జగిత్యాల బస్సెక్కిన కొద్దిసేపటికే నా గుండె దడదడ కొట్టుకున్నది. ఊపిరి అందలేదు, చేతులు తిమ్మిరెక్కినయి, సచ్చిపోతున్ననే అనుకున్న. ముందు సీట్లాయన ‘ఫిట్స్’ అనుకుంట తన చెప్పు తీసి నా ముక్కుకు అదిమిండు. బురద, చెమట కంపు. ఇంకొకడు నవ్వుకుంట ఫోన్ల వీడియో తీస్తున్నడు.

పక్కసీట్ల ఉన్న పెద్దామె, బీడీలు చేసే మనిషి, గా చెప్పును అవుతలికి నూకింది. నా చెయ్యి పట్టుకొని, ‘మెల్లగ గాలి ఇడువు బిడ్డా. నాకు గూడ గిట్లనే అయితుండె, పానిక్ ఎటాక్ అన్నరు. అట్లని నీది గదే అనుకోకు. ముందు గుండె చూపించుకో, రక్తపరీక్ష చేయించుకో’ అన్నది. జగిత్యాలల దవాఖాన దాకా తోడొచ్చి, పేరన్న చెప్పకుంట పోయింది.

ఈసీజీ, థైరాయిడ్ అన్నీ మంచిగున్నయి. డాక్టరమ్మ గూడ పానిక్ ఎటాకే అన్నది.

బస్సుల నవ్వినోన్ని తిట్టుకుంట ఇంటికొచ్చిన. మా తోటికోడలు గడప మీద కూసొని ఆయాసపడుతున్నది. ఆమెకు ఏడాది సంది గుండెదడ. ‘పని ఎగ్గొట్టే నకరాలు’ అని నలుగురి ముంగట నవ్వింది నేనే. నా మీద నాకే రోత పుట్టింది.

అప్పటికప్పుడే ఆమెను తోలుకపోయి గవే పరీక్షలు చేయించిన. ఆమెది నా లెక్క పానిక్ ఎటాక్ కాదు, థైరాయిడ్. ఏడాది సంది ఆమెను దవాఖానకు పోనియ్యంది నా నవ్వే.